కూర్మమ్మ వేసిన సున్నా

బాహుదా తీర విశ్వవిద్యాలయంలో ఈ విద్యాసంవత్సరం నుంచి ఎవరూ పరీక్ష తప్పరని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాము. పిల్లలు బాగా చదవడం మొదలుపెట్టారేమోనని కంగారుపడకండి. తప్పడం అనే మాటనే విద్యామండలి ఏకగ్రీవంగా రద్దు చేసింది. ఇదివరకు తప్పినవాళ్లుగా ఉన్నవారిని ఇప్పుడు భావి ఉత్తీర్ణులు అంటున్నాము. ఒకే పేపర్లో ఆరుసార్లు భావి ఉత్తీర్ణుడైన కుర్రవాడొకడు మా దగ్గరున్నాడు. భవిష్యత్తు మీద అతనికున్న నమ్మకం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇంతకీ ఈ సంతోషించేదెవరని మీరు అడగవచ్చు. నా పేరు వైకుంఠరావు. క్రెడిట్ల విభాగంలో సీనియర్ గుమాస్తాను. ఇల్లు బరంపురం అంకులిలో. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క ఫైలూ పోగొట్టలేదు, ఒక్క ఫైలునూ తొందరపెట్టలేదు. మా తాత బరంపురం కోర్టులో గుమాస్తా, మా నాన్న తాలూకా కచేరీలో గుమాస్తా. రాసిందే నిజమన్న సంగతి మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందే వస్తుంది.

మా లెక్క చాలా సులువు. నలభై క్రెడిట్లు కూడబెడితే సర్టిఫికెట్టు, ఎనభైకి డిప్లొమా, నూట ఇరవైకి డిగ్రీ. చదువు మధ్యలో ఎక్కడ దిగిపోతానన్నా చేతిలో ఓ కాగితం పెట్టి దింపుతాం. గోపాల్‌పూర్ బస్సు కండక్టరు కూడా ఇంత మర్యాదగా దింపడు.

మేము ఇంకా ఎక్కువ గర్వపడేది మా విరమణ విధానం గురించి. ఏ కోర్సయినా కష్టమనిపిస్తే ఎనిమిదో వారంలోపు ఫారం నింపి అందులోంచి సగౌరవంగా తప్పుకోవచ్చు. మార్కులే పడవు గనక సగటు చెడదు. ఈ కిటుకు కనిపెట్టిన కుర్రవాడొకడు పోయినేడు ఏడు కోర్సులకు ఏడూ విరమించుకున్నాడు. అతనికి ఏ పరీక్షలోనూ అర మార్కు తగ్గినట్టు రికార్డులో లేదు. మచ్చలేని విద్యార్థి అని డీన్ గారు నిండు సభలో అతని భుజం తట్టారు. ఎలా విరమించుకోవాలో చెప్పడానికి ఇద్దరు కౌన్సిలర్లున్నారు. విరమించుకోవద్దని చెప్పే పోస్టు మాత్రం ఇంకా మంజూరు కాలేదు.

సముద్రపొడ్డున ఉన్న రామయ్యపట్నం నుంచి వచ్చే లక్ష్మీప్రసన్న ఈ కౌన్సిలర్ల చేతిలోనే పడింది. జంతుశాస్త్రం, మూడో సంవత్సరం. వాళ్ల వీధిలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. చీకటితో లేచి, ఆటో ఎక్కి, బస్సు మారి, ఎనిమిది గంటల 'సమయపాలన' క్లాసుకు రోజూ పావుగంట ఆలస్యంగా చేరేది. సమయపాలన రెండు క్రెడిట్ల కోర్సు. ఆ పాఠం చెప్పే మాస్టారు ఎనిమిదిన్నరకు వచ్చేవారు, అది వేరే సంగతి. హాజరు వేసే యంత్రం మాత్రం ఠంచనుగా ఎనిమిదింటికి మూసుకునేది. ఎందుకొచ్చిన గొడవ, విరమించుకో అన్నారు కౌన్సిలర్లు. విరమించుకుంది. చివరి సెమిస్టరు కోర్సులన్నీ కలిపి లెక్కేస్తే నూట పద్దెనిమిది తేలాయి. డిగ్రీకి రెండు తక్కువ.

సరిగ్గా అప్పుడే విశ్వవిద్యాలయానికి కొత్త అవసరం పుట్టుకొచ్చింది. మేము పిల్లలకు గ్రేడ్లు వేసినట్టే మాకూ గ్రేడు వేసేవాళ్లుంటారు. ఆ తనిఖీ బృందం క్రితంసారి వచ్చినప్పుడు 'స్థానిక విజ్ఞానం బొత్తిగా లేదు' అని రాసిపోయింది. మళ్లీ జులైలో వస్తుందట. ఉపకులపతి గారు డీన్ శివరామకృష్ణ గారిని పిలిచి, వారం రోజుల్లో స్థానిక విజ్ఞానం కావాలన్నారు. డీన్ గారు రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు నా దగ్గరికొచ్చి, మన పిల్లల అడ్మిషన్ ఫారాల్లో తల్లిదండ్రుల వృత్తి అనే గడి చూడవయ్యా అన్నారు. చూశాను. లక్ష్మీప్రసన్న ఫారంలో 'తల్లి వృత్తి: ఎండుచేపలు' అని ఉంది.

అలా 'ఎండుచేపల తయారీ: సిద్ధాంతము, ఆచరణ' అనే రెండు క్రెడిట్ల కోర్సు పుట్టింది. లక్ష్మీప్రసన్న తల్లి కూర్మమ్మ గౌరవ ఆచార్యురాలైంది. నలభై ఇద్దరు చేరారు. లక్ష్మీప్రసన్నకు ఆ రెండు క్రెడిట్లే కావాలి గనక వాళ్లలో ఆమె కూడా ఉంది. తల్లి దగ్గర కూతురు చదవవచ్చునా అని నేను నోట్ పెడితే, స్థానిక విజ్ఞానమంటేనే తల్లి దగ్గర నేర్చుకునేది కదా అని డీన్ గారు తిప్పి రాశారు. ఆ మాట నాకూ నచ్చింది.

ప్రారంభోత్సవం పరిపాలనా భవనం డాబా మీద జరిగింది, ఎండ అక్కడే బాగా వస్తుంది గనక. డీన్ గారిది పూర్వం నుంచీ పౌరోహిత్యం చేసిన కుటుంబం. ఇంట్లో చేప పేరెత్తరు. అయినా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడారు. ఒరియాలో మొదలుపెట్టి, తెలుగులో ఆవేశపడి, ఇంగ్లీషులో ముగించారు.

"మిత్రులారా! చేపను తడిగా తినడం ప్రకృతి, ఎండబెట్టి తినడం సంస్కృతి! ఈ డాబా మీద నేడు ఎండబోయేది నెత్తళ్లు కావు, మన వెనుకబాటుతనం!"

కాకులన్నీ అప్పటికే పిట్టగోడ మీద కుదురుగా కూర్చున్నాయి. మేము చూసినంతలో ఆ ఉపన్యాసాన్ని చివరిదాకా విన్నది అవే.

కూర్మమ్మ పాఠం వేరేగా ఉండేది. చీర కుచ్చెళ్లు పైకి దోపి, చాప మీద గొంతుక్కూర్చుని, చేతిలో ఉప్పు పట్టుకుని చెప్పేది.

"ఉప్పెక్కువైతే నాలిక సచ్చిపోద్ది తల్లీ, తక్కువైతే పురుగులు బతికిపోతాయి. మద్దెన ఉండాల. ఆ మద్దె ఎక్కడుందో సేతికి తెలుస్తాది, నోటితో సెప్పనేను."

"ఎన్ని గ్రాములు ఆంటీ?" అని అడిగింది అన్విత. డీన్ గారి సొంత మేనకోడలు. చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు, కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని, మూడు గజాల దూరంలో గొడుగు కింద ఉండి నేర్చుకుంటోంది.

"గ్రాములేటి బంగారం? నీకు పిడికిలి నేదా?"

పిడికిలి ఎవరిదన్న ప్రశ్న విద్యామండలి దాకా వెళ్లింది. నలుగురు ఆచార్యుల పిడికిళ్లలో ఉప్పు పట్టించి, తూచి, సగటు తీసి, 'ప్రామాణిక పిడికిలి' అని సర్క్యులర్ పంపాం. కూర్మమ్మకు చదివి వినిపిస్తే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

మూడు నెలలు డాబా నిండా చేపలే. కింద గది ఉపకులపతి గారిది. ఆయన ఆ మూడు నెలల్లో పదకొండు జాతీయ సదస్సులకు వెళ్లి విశ్వవిద్యాలయానికి పేరు తెచ్చారు. ఊళ్లోని పిల్లులన్నీ మా గేటు దగ్గర చేరాయి. ఈ ఏడాది హాజరు అద్భుతంగా పెరిగిందని వార్షిక నివేదికలో రాసుకున్నాం. పిల్లులని విడిగా రాయలేదు.

చేపలు తిరగెయ్యాల్సింది మధ్యాహ్నం పన్నెండుకి, మళ్లీ రెండింటికి. ఆ వేళకు నలభై ఒక్కమంది క్యాంటీన్లో ఉండేవారు. లక్ష్మీప్రసన్న ఒక్కతే తలకు తువ్వాలు చుట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా నలభై రెండు చాపలూ తిరగేసేది, కాకుల్ని తోలేది. డాబా మెట్లు నా సీటు పక్కనుంచే వెళ్తాయి గనక నాకు తెలుసు. అయితే నేను చూసిందాన్ని నోట్ చేసుకోమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

ఏప్రిల్లో మూల్యాంకనం వచ్చింది. కూర్మమ్మకు మా ఇంగ్లీషు ఫారాలు రావు. ఆమె నోటి మాటను యథాతథంగా రాసుకుని మార్కుల్లోకి మార్చుకోవడానికి డీన్ గారు 'మాట–మార్కు సమీకరణ పట్టిక' తయారు చేయించారు. 'బంగారం' అంటే అన్నిటికంటే పైదైన 'ఓ' గ్రేడు, పది పాయింట్లు. 'బాగుంది' తొమ్మిది. 'పర్లేదు' ఏడు. 'ఏటీ రాదు' అంటే సున్నా. సిబ్బందిలో తెలుగు, ఒరియా రెండూ వచ్చినవాణ్ణి గనక అట్ట పట్టుకుని నేనే డాబా ఎక్కాను.

పరాయి పిల్లల్ని తప్పుపట్టడం మా వైపు మర్యాద కాదు. కూర్మమ్మ ఒక్కో చాప దగ్గరా ఆగి, ఒక్కో చేప తీసి వాసన చూసి, ఎవరి వంకో ఓ చూపు చూసి, "ఈ తల్లి బంగారం, రాసుకో బాబూ" అంటూ కదిలింది. ఎవరి వంక చూసిందో అప్పుడు పట్టించుకోలేదు. అన్విత చాప దగ్గర, "ఇది మరీ బంగారం. సేతికి సేప వోసనంటకండా ఎండెట్టింది సూడు" అంది. నలభై ఒక్క ఓ గ్రేడ్లు రాసేసరికి నా పెన్ను వేడెక్కింది.

ఆఖరి చాప లక్ష్మీప్రసన్నది. ఆ పిల్ల చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. కూర్మమ్మ ఆ చాప కేసి చూడనైనా చూడలేదు. కొంగుతో కూతురి నుదురు తుడుస్తూ, చెదిరిన జుట్టు చెవి వెనక్కి దోపుతూ, పిట్టగోడ మీద కాకులకు కూడా వినిపించేలా గట్టిగా అంది:

"దీనికేటొచ్చు బాబూ? ఏటీ రాదు. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. థూ!"

ఆ మాట తెలుగు కడుపున పుట్టినవాడికెవడికైనా అర్థమవుతుంది. మా అమ్మ కూడా, నా మెట్రిక్ ఫలితం వచ్చిన రోజున, "మొద్దు వెధవ, ఎలా గట్టెక్కాడో" అని వీధంతా చెప్పుకుంటూ తిరిగింది. ఆ రాత్రి అరిసెలు వండింది. కన్నబిడ్డను కన్నతల్లి పైకి పొగిడితే దిష్టి తగులుతుంది, అంతే. నాకు తెలుసు. పట్టిక వంక చూశాను. 'ఏటీ రాదు' ఎదురుగా సున్నా ఉంది. సున్నా వేసి, కింద సంతకం పెట్టాను.

జూన్ మొదట్లో ఫలితాలొచ్చాయి. ఎండుచేపల్లో నలభై ఒక్కమందికి ఓ గ్రేడు, ఒక భావి ఉత్తీర్ణురాలు. అదే వారం లక్ష్మీప్రసన్నకు గోపాల్‌పూర్ దగ్గర రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ నుంచి ఉత్తరం వచ్చింది. ల్యాబ్ అసిస్టెంట్‌గా ఎంపికైంది. జూన్ ముప్పై సాయంత్రం ఐదులోపు డిగ్రీ సర్టిఫికెట్టు చూపించాలి. చూపించకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్లకు పోతుంది.

ఆ ఉత్తరం, మార్కుల కాగితం రెండూ పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"సార్, అమ్మ అలాగన్నాది దిష్టి తగలకండా అని మీకు తెల్దా?"

"తెలుసమ్మా."

"మరెందుకు రాసీసినారు?"

"తెలుసని రాయడానికి ఫారంలో గడి లేదమ్మా."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "మరి ఇప్పుడు నింపాల్సిన ఫారం ఏటి సార్?" అంది. మూడిచ్చాను.

మొదటి ఫారంతో కౌన్సిలర్ల దగ్గరకు వెళ్లింది. జరిగిన కోర్సు నుంచి వెనక తేదీతో విరమించుకోవచ్చు, సున్నా మాయమైపోతుంది అన్నారు వాళ్లు ఉత్సాహంగా. దాంతోపాటు రెండు క్రెడిట్లూ మాయమై, మచ్చలేని నూట పద్దెనిమిది మిగులుతాయి. రెండో ఫారం ప్రకారం, ఎనభై క్రెడిట్లకు ఇప్పుడే డిప్లొమా తీసుకుని, మిగిలిన ముప్పై ఎనిమిదీ ముసలితనానికి దాచుకోవచ్చు. మూడోది పునర్మూల్యాంకనం. మూల్యాంకనం చేసినవారే వచ్చి పొరపాటైందని ఒప్పుకుంటే సున్నా దిద్దవచ్చు. అయితే ఒకచోట పొరపాటు చేసినవారు నలభై రెండు చోట్లా చేసినట్టే అని పన్నెండో నిబంధన. అప్పుడు నలభై ఒక్క ఓ గ్రేడ్లూ రాలిపోతాయి. వాటిలో డీన్ గారి మేనకోడలిదీ ఒకటి. ఆ ఫారం ఏ బల్ల మీదా నిమిషం కంటే ఎక్కువసేపు నిలవలేదు. మా ఆఫీసులో ఒక కాగితం అంత వేగంగా కదలడం నేనప్పుడే చూశాను.

ఈలోగా ఆ సున్నాకు పేరొచ్చింది. విశ్వవిద్యాలయం మొత్తం మీద అదొక్కటే సున్నా. తనిఖీ బృందానికి మా నిష్పాక్షికత చూపించడానికి ఇంతకంటే ఏం కావాలన్నారు డీన్ గారు. దాన్ని పెద్దదిగా ఫొటో తీయించి, పటం కట్టించి, మెట్ల దగ్గర తగిలించారు. జూన్ ఇరవైన సభ పెట్టి కూర్మమ్మకు శాలువా కప్పారు.

"మహారాజులు కన్నకొడుకులకు శిక్షలు వేశారని కథల్లో విన్నాం. నేడు మన కళ్ల ముందు ఈ మాతృమూర్తి కన్నకూతురికే సున్నా వేసింది! ఇదీ మన ప్రమాణం! ఈ సున్నా గుండ్రంగా ఉండటం వల్లనే భూమి గుండ్రంగా ఉన్నది!"

చప్పట్లు మోగాయి. ఆఖరి వాక్యం ఎవరికీ అర్థం కాలేదు గనక ఇంకాస్త గట్టిగా మోగాయి. కూర్మమ్మ శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుని నా వైపు వంగింది.

"బాబూ, సున్నా ఏటి? ఎవులకేసినాను?"

చెప్పాను. కూతురు ఇంట్లో చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"ఓలమ్మో! నోటి మాట తీస్కెల్లి కాయితం మీదెట్టీసినారా! అది మాటేటి బాబూ, దిష్టి తగలకండా తాయెత్తులాటి రచ్చ కదా! నా గుంట మూడు నెల్లు మీ డాబా మీద మాడిపోనాది. అందరి సేపలూ అదే ఎండెట్టినాది, నాకు తెల్దా? దాని పనే అని సూసే బంగారం బంగారం అన్నాను. కొట్టీయండి బాబూ, ఆ సున్నా కొట్టీయండి!"

ఇరవై ఆరేళ్లలో మొదటిసారి నాకు నా చేతిరాత మీద సిగ్గేసింది. మర్నాడు సెలవుదినమైనా వెళ్లి కూర్చుని, విద్యామండలి అత్యవసర సమావేశం కోసం నోట్ రాశాను. ఉద్యోగం గడువు తేదీ కింద ఎర్ర సిరాతో గీత గీశాను. మా తాత, మా నాన్న ఎవరూ ఏ ఫైల్లోనూ ఎర్ర గీత గీసి ఎరగరు.

ఇరవై ఎనిమిదిన మండలి కూర్చుంది. పదకొండుమంది సభ్యులు. తల్లీకూతుళ్లు గోడ పక్కన నిలబడ్డారు. రక్తసంబంధీకులు మూల్యాంకనం చేయరాదన్న నిబంధన ఉంది కదా అని నేను విన్నవించాను. ఆ నిబంధన మార్కులు ఎక్కువ వేయకుండా ఆపడానికి, తక్కువ వేస్తే వర్తించదు అని గణాంకశాస్త్రం నీలకంఠం గారు స్పష్టం చేశారు. వేరే అర్హులైనవారితో మళ్లీ మూల్యాంకనం చేయిద్దామన్నారు ఇంకొకరు. అర్హులంటే ఆ కోర్సులో ఓ గ్రేడు వచ్చినవాళ్లే. అన్వితను పిలిపించారు. ఎండుచేపల సంచీ ఆమె ముందు పెట్టారు. ఆ పిల్ల పాపం ముక్కు మూసుకుని, నిజం చెప్పేసింది.

"నాకేం తెలీదు మామయ్యా. ఇది ఏం చేపో కూడా తెలీదు. నావి, మా అందరివీ ప్రసన్నే ఎండబెట్టింది."

సరిగ్గా అప్పుడే టీ వచ్చింది. అందుచేత ఆ వాక్యం మినిట్స్‌లోకి ఎక్కలేదు. టీ అయ్యాక అన్వితకు ధన్యవాదాలు చెప్పి పంపేశారు.

తర్వాత నీలకంఠం గారు మధ్యేమార్గం సూచించారు. సున్నాను దిద్దవచ్చు, కానీ చెరపకూడదు. తనిఖీ బృందానికి అది కనిపించాలి. దాని మీద అడ్డగీత గీసి, పక్కన కొత్త గ్రేడు వేసి, మార్కుల కాగితంలో రెండూ చూపాలి. దీన్ని పొరపాటు అనకుండా 'ఆచార్యురాలి అదనపు అభిప్రాయం' అంటే పన్నెండో నిబంధన నిద్ర లేవదు. అందరూ భేష్ అన్నారు. మిగిలిందల్లా ఒక్కటే. కూర్మమ్మ సభ ఎదుట, తన నోటితో, పట్టికలో ఉన్న మాటే అనాలి. 'నా కూతురు బంగారం.'

గదంతా ఆమె వైపు తిరిగింది. కూర్మమ్మ కూతురి వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"అననేను బాబూ."

"అమ్మా!" అంది లక్ష్మీప్రసన్న.

"నువ్వూరుకో. మీకు తెల్దు బాబూ. దీని అప్ప, నా పెద్ద గుంటకి జుత్తు ఇంత బారుండేది. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి, ఓలి ఎంత బాగున్నాదో అని నోరు జారినాను. వోరం తిరక్కండా టైఫాయిడొచ్చి తల గుమ్మడికాయైపోనాది. ఇంతమంది కళ్లెట్టుకు సూస్తన్నారు, ఇక్కడ ఇది బంగారమని నానెలాగంటాను?"

ఉపకులపతి గారు గడియారం చూసుకున్నారు. ఆయనకు సదస్సుకు విమానం వేళయింది. నిబంధనల్లో దిష్టి గురించి ఏమైనా ఉందా అని నన్నడిగారు. లేదన్నాను. నిషేధించినట్టు ఉందా అన్నారు. అదీ లేదన్నాను.

"అయితే తియ్యమనండి."

ప్యూను పింటు క్యాంటీన్‌కు పరుగెత్తి గుప్పెడు ఎండుమిరపకాయలు, కళ్లుప్పు, చీపురుపుల్లలు తెచ్చాడు. ఒక ఇనప బుట్టలో గత సమావేశాల మినిట్స్ వేసి ముట్టించాడు. చాలా బాగా అంటుకున్నాయి. కూర్మమ్మ కూతుర్ని సభ నడుమ నిలబెట్టి, పిడికిలి ఆమె తల చుట్టూ తిప్పుతూ, కళ్లు గట్టిగా మూసుకుని, ఒకే ఊపిరిలో అంది:

"నా కూతురు బంగారం! దీని సెయ్యిలాటి సెయ్యి మా తీరంలోనే నేదు! ఇరుగు దిష్టి పొరుగు దిష్టి, నా దిష్టి, ఈ పదకొండుమంది ఆచార్లు దిష్టి, థూ థూ థూ!"

పిడికిలి బుట్టలోకి విదిలించింది. ఆ ఘాటుకు గదంతా గగ్గోలైపోయింది. ఉపకులపతి గారు కళ్ల నీళ్లతో ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు. పదకొండుమందీ ఏకకంఠంగా దగ్గారు. దగ్గు సమ్మతి సూచకమని రాసుకున్నాను. కూర్మమ్మ ఒక్కతే హాయిగా నవ్వుతోంది. ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టేనట.

ఆ ఫైలు నేనే చేత్తో పట్టుకుని ఐదు సంతకాలకు తిరిగాను. జూన్ ముప్పై మధ్యాహ్నం మూడింటికి సర్టిఫికెట్టు లక్ష్మీప్రసన్న చేతిలో పెట్టి, స్కూటరు మీద కొత్త బస్టాండు దాకా దింపాను. బస్సు కదిలాక, రొయ్యలు నావే అన్నంత సంబరంతో చెయ్యి ఊపాను. అందరూ చూశారు. చూడనీ.

హేచరీలో జరిగింది ఆమె తర్వాత వచ్చి చెప్పింది. అక్కడి మేనేజరు సుమిత్ పాత్రో అనే ఆయన. ఆ నెలలో మా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పిల్లల్ని ఆరుగుర్ని చూశాడట. ఆరుగురికీ అన్నింట్లోనూ ఓ గ్రేడే. వాళ్లలో ఒకడు రొయ్యలు కరుస్తాయా అని అడిగాడట. ఈమె కాగితం తీసి పైనుంచి కిందికి చదివి, అడ్డగీత గీసిన సున్నా దగ్గర వేలు ఆపాడు.

"ఇదెవరు వేశారు?"

"మా అమ్మ సార్. పాఠం సెప్పింది ఆవిడే."

ఆయన కాగితం మడిచి ఇస్తూ, మీ దగ్గర ఒక్కరైనా చేపను చూసి మార్కు వేశారన్నమాట అన్నాడు. అందరికీ పది వచ్చినచోట సున్నా వచ్చిన పిల్ల ఒక్కతే నిజంగా పరీక్ష రాసినట్టు లెక్క అని, రేపటి నుంచి రమ్మన్నాడు.

ఈ వార్త మర్నాటికల్లా బరంపురం అంతా పాకింది. జులై రెండున నేను వచ్చేసరికి నా కిటికీ ముందు నలభై ఒక్కమంది బారు తీరి ఉన్నారు. అందరికీ సున్నా కావాలి. అన్విత అందరికంటే ముందుంది. హేచరీవాళ్లకు నలుగురు కావాలట, సున్నా ఉన్నవాళ్లనే చూస్తారట. విద్యామండలి వెంటనే సమావేశమై 'ఐచ్ఛిక సున్నా విధానం' ప్రవేశపెట్టింది. కోరిన విద్యార్థికి కోరిన పేపర్లో సున్నా ఇస్తాం. షరతు ఒక్కటే. కూర్మమ్మ పద్ధతినే పాటించాలి. అమ్మగానీ నాన్నగానీ స్వయంగా వచ్చి, నా ఎదుట, 'మా పిల్లకి ఏమీ రాదు' అని ఒక్కసారి అనాలి.

తల్లిదండ్రులు వచ్చారు. అన్విత తల్లి వసుధ గారు పట్టుచీర కట్టుకుని వచ్చి, కిటికీ ముందు నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"మా అన్వితకి... మా అన్విత యూకేజీ నుంచీ ఫస్టేనండీ."

"అమ్మా, ఆ మాట కాదు!" అంది అన్విత కాళ్లు నేలకేసి కొడుతూ.

"తెలుసులేవే. మా అన్వితకి... పియానో కూడా వచ్చండీ. డాన్సులో రెండు కప్పులు."

మూడోసారి ప్రయత్నించి, ఏడ్చేశారు. వెనకున్న తండ్రి ఒకాయన తన కొడుక్కి ఏమీ రాదని అనబోయి, ఆ సబ్జెక్టులోనే ఏమీ లేదని అన్నాడు. మరొకాయన ఫోన్లో కూతురి ఫొటోలు చూపించి వెళ్లిపోయాడు. సాయంత్రానికి నలభై ఒక్క ఫారాలూ ఖాళీగా తిరిగొచ్చాయి. నేను నవ్వుకుంటూ మా అబ్బాయి రవి కోసం ఒక ఫారం ఇంటికి పట్టుకెళ్లాను. మా ఆవిడ బాలాంబ రెండు వాక్యాలు చదివి, "ఇలాంటివి మీ ఆఫీసు పిల్లలకి రాసుకోండి, నా కొడుక్కి కాదు" అని విసిరికొట్టింది. నేనైనా అందామని గదిలోకి వెళ్లాను. వాడు ఫోను చూసుకుంటున్నాడు. ఏమిటి నాన్నా అన్నాడు. ఏమీ లేదు, నీకు తెలివి ఎక్కువరా అని చెప్పి బయటికొచ్చాను.

కనుక విజ్ఞులైన పాఠకులకు మనవి. ఐచ్ఛిక సున్నా ఇప్పుడు బయటివారికి కూడా ఇస్తున్నాము. మీ పిల్లలకు ఏదైనా ఒక్కటి రాదని మీకు తెలిసి ఉంటే, ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట లోపల ఏ రోజైనా వచ్చి, ఆ మాట పైకి అని పోవలసిందిగా కోరుతున్నాము. పిల్లల్ని తేనక్కర్లేదు, మీరొస్తే చాలు. కౌంటరు తెరిచి నెల దాటింది. ఇప్పటిదాకా నేను ఈగలు తోలుకుంటున్నాను.